తొంభై ఆరు సంచుల నేల

కృత్తిక కార్తె, 9వ రోజు
ఒండ్రు: రెండున్నర కిలోలు. మొత్తం: 2,285. రత్నం పడినవి: 2.

వివరణ: ఉదయం ఆరింటికి సముద్రం వెనక్కి తీసి పాటు మొదలైంది. నీళ్ల మీద మా ఇళ్లుండే పంటు పక్కన కట్టిన తొట్టి తలుపు తీశాను. ఏటి నీరు తియ్యగా ఉండేది పాటు నడిచే ఆ కొద్ది గంటలే. పోటు తిరగక ముందే తలుపు వేసెయ్యాలి, లేదంటే సముద్రం లోపలికి వచ్చేస్తుంది. తొట్టిలో చిల్లగింజ అరగదీసిన గంధం కలిపి కదపకుండా వదిలేస్తే సాయంత్రానికి మట్టి అడుక్కి దిగుతుంది. పైనీరు వంచేసి, అడుగు గీకి, కప్పు మీద ఆరబెట్టి, బాగా ఎండాక తూస్తాను. ఆరేళ్లుగా ఇదే పని. పొద్దుటి పూట పంటు మోకులు చూసుకోవడం జీతం పని, ఇది ఇంటి పని.

నాకు చదువు చెప్పినవాళ్లు లేరు. ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన రైస్ మిల్లు చిట్టా పుస్తకం ఒకటి చూసి అక్షరాలూ లెక్కలూ నేర్చుకున్నాను. అందులో ప్రతి పద్దు పక్కనా వివరణ అని ఒక గడి ఉంది. అందుకే నేనూ రాస్తున్నాను. లేకపోతే రాయడానికి ఏముంది.

నీళ్ల మధ్య రాయి పోసి కట్టిన ఏడో గట్టు మీద ఇంటి స్థలానికి డిపాజిట్టు 2,400 కిలోల ఎండు ఒండ్రు. పాతిక కిలోల సంచులు తొంభై ఆరు. రాయి, సిమెంటు, గోడ పలకలు గట్టు ఆఫీసు వాళ్లవి. పైన పరిచే నేల మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఆరుద్ర కార్తె ఆఖరి రోజుతో తూకాలు ఆపేస్తారు. ఎనిమిదో గట్టుకి రాయి ఇంకా తవ్వనే లేదు.

మిగిలిన రోజులు 47. కావలసింది 115 కిలోలు. రోజుకి రెండున్నర వస్తే సరిపోతుంది.

కృత్తిక, 12వ రోజు
ఒండ్రు: 2.4. మొత్తం: 2,292. పడినవి: 3.

వివరణ: దక్షిణపు గాలి. పంటు బాగా ఊగింది. మా పంటు మీద పద్దెనిమిది కుటుంబాలు. కింద మునిగిపోయిన ఊరి వాటర్ ట్యాంకు స్తంభాలకి దీన్ని ఎనిమిది మోకులతో కట్టాం. ఎన్ని కట్టినా నీళ్ల మీద ఉన్నది ఊగుతుంది.

నా భార్య రత్నానికి రెండేళ్ల క్రితం జ్వరం వచ్చి చెవిలోకి దిగింది. అప్పటినుంచి నిలబడితే తల తిరుగుతుంది. నాలుగో గట్టు ఆస్పత్రిలో తొమ్మిది రోజులుంది, నేను రేవులో పడవలోనే పడుకున్నాను. ఆ తొమ్మిది రోజులూ ఒక్కసారి పడలేదు, ఒక్కసారి కక్కుకోలేదు. డాక్టరమ్మ చెప్పింది ఒకటే మాట: "మందు లేదయ్యా. కదలని నేల మీద ఉంచు." తిరిగి వచ్చిన రోజునే పుస్తకంలో 'రత్నం పడినవి' అని కొత్త గడి గీశాను.

ఈరోజు మూడోసారి అన్నం గిన్నెతో సహా పడింది. పక్క గదిలోంచి అప్పలకొండ అరిచింది: "ఏటి మరదలా, మళ్లీ నేలకి దండం పెట్టేవా? మీ ఆయన్ని పిలూ, లెక్క రాసుకుంటాడు!"

రత్నం కింద కూచునే నవ్వింది. నేను గిన్నె ఎత్తాను.

అప్పలకొండ నాకంటే పదేళ్లు పెద్దది. మొగుడు పోయి చాలా కాలమైంది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నోరు మూయదు. ఆవిడ తొట్టి నా తొట్టికి దిగువన ఉంది. పై మట్టంతా నేనే పట్టేసుకుంటున్నానని మూడేళ్ల క్రితం పంటు మీద అందరి ముందూ అంది. నేను జవాబు చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఏమీ మాట్లాడలేదు. ఆవిడ ఆపలేదు, నేను మొదలుపెట్టలేదు.

రోహిణి కార్తె, 2వ రోజు
ఒండ్రు: 2. మొత్తం: రాయలేదు. పడినవి: 2.

వివరణ: గట్టు ఆఫీసు నుంచి హైమావతి గారు ముందస్తు పరీక్షకి వచ్చారు. ఆవిడ దగ్గర రెండు ముళ్లున్న మీటరు ఉంటుంది. మట్టిలో గుచ్చితే ఉప్పు ఎంతో అంకె చూపిస్తుంది. నాలుగు దాటితే అది ఒండ్రు కాదు, చవుడు.

పై వరస సంచులు: రెండు, రెండు, ఒకటిన్నర. "మంచి మట్టి అండీ" అన్నారు. మధ్య వరస: రెండు. అడుగు వరస తీయమన్నారు. తీశాను. తొమ్మిది.

ఆవిడ ముళ్లు తుడుచుకుని మళ్లీ గుచ్చారు. తొమ్మిది. పక్క సంచి పది.

"పోలరాజు గారూ, ఇవి ఏం సంచులండీ?"

"గోనెలండీ."

"ఏం గోనెలు?"

చెప్పాను. ఉప్పు మళ్ల వాళ్లు వాడి పారేసినవి. మొదటి రెండేళ్లూ అవే కొన్నాను. మూడుసార్లు ఉతికి, ఎండేసి, అప్పుడు పోశాను. ఆవిడ గోనె మూల చింపి కుట్టు దగ్గర నాలిక పెట్టి చూశారు. ఉమ్మేశారు.

"నార లోపలికి పోయిన ఉప్పు ఉతికితే పోదండీ. చెమ్మ తగిలినప్పుడల్లా మట్టిలోకి దిగుతూనే ఉంటుంది."

అలాంటి గోనెలు ముప్ఫై రెండు. ఎనిమిది వందల కిలోలు. చవుడు గట్టు మీదికి రానివ్వరు. ఒక ఇంటి చవుడు పక్క ఇంటికి పాకుతుంది, ఆ తర్వాత బావికి. అది న్యాయమే.

"ముందే చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారా అండీ?" అన్నారు వెళ్తూ.

రోహిణి, 3వ రోజు
ఒండ్రు: 2.2. మొత్తం, మంచిది మాత్రమే: 1,504. పడినవి: 1.

వివరణ: మొదటి సంవత్సరం పుస్తకం తీసి చూశాను. విశాఖ కార్తె, 6వ రోజు పద్దు ఇలా ఉంది:

'ఉప్పు గోనెలు పది. కొత్త సంచుల ధరతో పోలిస్తే ఆదా: 31 టోకెన్లు. అప్పలకొండ ఏదో అంది. పట్టించుకోలేదు.'

ఏమందో రాయలేదు. కానీ గుర్తుంది.

రోహిణి, 8వ రోజు
ఒండ్రు: 2.1. మొత్తం: 1,515. పడినవి: 3.

వివరణ: చవుడుని మంచినీళ్లతో కడిగితే ఉప్పు దిగిపోతుందని విన్నాను. ఒక సంచి మట్టి బుట్టలో పోసి, నా వంతు తాగునీళ్లలోంచి రోజుకి నాలుగు లీటర్ల చొప్పున అయిదు రోజులు పోశాను. గట్టు ఆఫీసులో మీటరు ఉన్న కుర్రాయన దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. తొమ్మిది ఏడైంది. ముప్ఫై రెండు సంచులకి ఈ లెక్కన ఎన్ని నీళ్లు కావాలో వేశాను. నా వంతు నీళ్లతో ఏడాదిన్నర పడుతుంది.

పంటు ఉమ్మడి ట్యాంకులో మూడు వేల లీటర్లు ఉన్నాయి. వర్షం లేని రోజులకి దాచినవి. ట్యాంకు తాళం నా దగ్గరే ఉంటుంది, ఎన్ని వాడారో రాసేది కూడా నేనే. తాళం తీయలేదు. దీనికి వివరణ అక్కర్లేదు.

ఎండకి నాలిక పిడచకట్టుకుపోతోంది. రత్నం తన చెంబులో సగం నా చెంబులో పోసింది. చూడనట్టు ఊరుకున్నాను.

రోహిణి, 13వ రోజు
ఒండ్రు: 2.2. మొత్తం: 1,526. పడినవి: 1.

వివరణ: ఒకటే అయినా పెద్దది. రత్నం పంటు అంచు దగ్గర పడింది. చెయ్యి చాచి మోకు పట్టుకుంది కాబట్టి ఇక్కడ ఉంది. మోచెయ్యి చర్మం లేచిపోయింది. నేను పంటు అవతలి చివర ఉన్నాను. పట్టుకుని లాగింది అప్పలకొండ.

నేను చేరేసరికి ఆవిడ రత్నం మోచేతికి పసుపు అద్దుతోంది. నన్ను చూసి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

సాయంత్రం రత్నం అంది: "జంట డిపాజిట్టు అని ఒకటుందిటగా."

ఉంది. రెండు కుటుంబాలు కలిసి ఒక స్థలం తీసుకోవచ్చు. మధ్యలో పలక గోడ. ఆఫీసు నియమం: ఒక గడప, ఒక పొయ్యి.

"అప్పలకొండ వదిన దగ్గర ఏడొందల అరవై దాకా ఉంది," అంది రత్నం. "ఒక్కత్తీ ఎన్నాళ్లకి జమ చేస్తుంది? నువ్వు అడిగితే కాదనదు."

"నువ్వు అడుగు."

"నేనడిగితే ఎప్పుడో ఒప్పుకునేది. నువ్వు అడగాలంట."

"అడగాలని ఆవిడే చెప్పిందా?"

రత్నం కట్టు సర్దుకుంటూ, "ఆవిడ ఏం చెప్పిందో నీకెందుకు? అసలు ఎవరేం చెప్పినా నీకెందుకు?" అంది.

మృగశిర కార్తె, 4వ రోజు
ఒండ్రు: 2.3. మొత్తం: 1,538. పడినవి: 2.

వివరణ: అయిదు రోజులు ఆలోచించాను. ఇవాళ ఒక కాగితం మీద రెండు గడులు గీసి, నా మట్టీ ఆవిడ మట్టీ, రోజువారీ రాబడి, మిగిలిన రోజులు అన్నీ రాశాను. వెళ్లి ఆవిడ చేతికిచ్చాను. చేపలు తోముతోంది. కాగితం తిరగేసి చూసి నాకే ఇచ్చేసింది.

"కళ్లు అవుపడవు. సదువు."

చదివాను. నా దగ్గర 1,538. నీ దగ్గర 768. కలిపితే 2,306. తక్కువ 94. ఇద్దరి తొట్లకీ కలిపి రోజుకి 3.8 చొప్పున ఇరవై నాలుగు రోజులకి 91.

"అంటే మూడు కిలోలు తక్కువ."

"అవును."

"బాగుంది. లెక్క సెప్పావు. అడగటం ఏదీ?"

నేను కాగితం మడిచాను. చుట్టుపక్కల గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి.

"తమ్ముడూ, మూడేళ్లయింది నాతో మాటాడి. గోడకి సెప్పుకుంటే గోడైనా తిరిగి మోగుతాది. ఆ గోనెలు తెచ్చిన రోజు నేనేటన్నానో గుర్తుందా?"

"ఉప్పు గోనెలో మట్టి పోస్తే ఉప్పే మిగులుతుంది, నా పాత చీరలు ఇస్తాను సంచులు కుట్టుకో అన్నావు."

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "మరి వినపడే ఉందే!"

"వినపడింది."

"మరి?"

"ఊరికే మాట్లాడుతున్నావనుకున్నాను."

"ఊరికేనే మాటాడతాను. అయితే అబద్ధం మాటాడతానా?"

"లేదు." తర్వాత చెప్పాల్సింది చెప్పాను. "అక్కా, మాతో వస్తావా?"

కత్తి మళ్లీ తీసుకుని ఇంకో చేప పొలుసు గీకింది.

"వస్తాను. కానీ ఒక షరతు. పొద్దున్న లేచాక నేను పది మాటలంటే నువ్వు ఒక్కటైనా అనాలి. కాగితం మీద కాదు."

"సరే."

"ఇదిగో, ఒకటయింది," అంది. పక్క గదిలో ఎవరో నవ్వారు.

మృగశిర, 11వ రోజు
ఒండ్రు, రెండు తొట్లదీ కలిపి: 3.2. ఉమ్మడి మొత్తం: 2,329. పడినవి: 1.

వివరణ: హైమావతి గారు వచ్చి అక్క మట్టి పరీక్ష చేశారు. అన్నీ పాత చీరల సంచులు. ఎర్రది, నీలంది, జరీ అంచుది. వరసగా పేర్చి ఉంటే బట్టల కొట్టులా ఉంది. మీటరు ఎక్కడ గుచ్చినా రెండు దాటలేదు. జంట డిపాజిట్టు కాగితం మీద నేనూ రత్నమూ సంతకాలు పెట్టాం. అక్క వేలిముద్ర వేస్తూ, "ఒక పొయ్యి అంటే ఎవరి వంట?" అని అడిగింది. హైమావతి గారు అది ఆఫీసుకి సంబంధం లేదన్నారు.

చవుడు సంచులు ముప్ఫై రెండింటినీ పంటు అడుగున బరువుకి వేశాం. పంటు కాస్త తక్కువ ఊగుతోందని అందరూ అంటున్నారు. రత్నం కూడా అంది. నన్ను సంతోషపెట్టడానికి అంటోందేమో తెలియదు. అంకె మాత్రం తగ్గింది.

అక్క తొట్టి తలుపుకి చిల్లు ఉంది. మట్టి సగం అందులోంచే పోతోంది, నా వల్ల కాదు. ఈ మాట మూడేళ్ల క్రితమే చెప్పాల్సింది. తారు పెట్టి మూశాను.

తొలకరి జాడ లేదు. రోజుకి 4.2 వస్తేగాని చాలదు. 3.2 వస్తోంది.

ఆరుద్ర కార్తె, 9వ రోజు
ఒండ్రు: 14. ఉమ్మడి మొత్తం: 2,388. పడినవి: 2.

వివరణ: మొన్న పైన కొండల్లో వాన పడింది. ఎర్రనీరు వచ్చింది. తొలి వరద నీరు చూడ్డానికి టీలా ఉంటుంది, దాని బరువే వేరు. గంధం కలపక ముందే మట్టి దిగిపోతోంది. అక్క మోకాళ్ల లోతు తొట్టిలో నిలబడి రెండు చేతులతో ఎత్తిపోసింది. "పోలరాజూ, ఇదంతా మనదేనేటి? ఎవరైనా అడుగుతారేటి?" అని పదిసార్లు అడిగింది. పదో సారికి "మనదే" అన్నాను. రోజు వాటా అయిపోయింది.

ఇంక పన్నెండు కిలోలు. అయిదు రోజులు.

వాన మా మీద కూడా మొదలైంది. మట్టి ఎండడం లేదు. రెండు పొయ్యిల దగ్గరా రేకుల మీద వేసి కాస్తున్నాం.

ఆరుద్ర, ఆఖరి రోజు
ఒండ్రు: 4. నా తూకంలో మొత్తం: 2,409. ఆఫీసు తూకంలో: కింద రాశాను.

వివరణ: సంచులన్నీ నాటు పడవల్లో గట్టు రేవుకి చేర్చాం. రత్నాన్ని కూడా తీసుకెళ్లాం. పంటు మీద ఒంటరిగా వదిలే రోజు కాదు. మా ముందు నాలుగు కుటుంబాలు. మా వంతు వచ్చేసరికి మూడు దాటింది. అయిదింటికి మూసేస్తారు.

కాటా 2,409 చూపించింది. నా తూకం సరిగ్గా ఉంది. కానీ హైమావతి గారు అయిదు సంచుల్లోంచి పిడికెడు చొప్పున తీసి వేడి పెట్టెలో ఎండబెట్టి మళ్లీ తూచారు. వానకి చెమ్మ పట్టింది. పద్దెనిమిది కిలోలు కోత.

2,391. తొమ్మిది కిలోలు తక్కువ.

"రేపు తెచ్చిస్తామండీ," అంది రత్నం.

"రేపు కాటా ఉండదమ్మా. నా చేతిలో లేదు." ఆవిడ గడియారం చూశారు. "అయిదు దాకా ఉంటాను. అంతవరకూ ఎంత తెచ్చినా తూస్తాను."

పంటుకి వెళ్లి రావడానికి గంట. తొట్టిలో మట్టి ఉంది, తడిది. ఎండబెట్టే టైము లేదు. నాకు తెలిసిన లెక్కలన్నీ వేశాను. ఏదీ రాలేదు.

అక్క నా వైపు చూసింది. "తమ్ముడూ, ఒక పొయ్యి అన్నారు కదా?"

"అవును."

"మరి మనకి రెండున్నాయి."

పడవ ఎక్కేసింది. నేను తెడ్డు వేశాను. పంటు చేరగానే ఆవిడ దిగింది. గదిలోకి వెళ్లి, పొయ్యిలో బూడిదంతా తీసి, తడిగుడ్డతో తుడిచి, కాసేపు దాని ముందు కూచుంది. పెళ్లయిన ఏడు ఏటిగట్టు మట్టితో తనే వేసుకున్న పొయ్యి. ఊరు మునిగినప్పుడు నెత్తిన పెట్టుకుని వచ్చిందని నాకు తెలుసు. అది కూడా ఎప్పుడో నా చెవిన పడిందే.

"మాది కొడదాం," అన్నాను.

"మీది సిమెంటుది రా. దాన్ని మట్టి అని ఎవడంటాడు?"

రోకలి తీసుకుని తనే కొట్టింది. మూడు దెబ్బలు. నేను ఏరి చీర సంచిలో పోశాను.

అయిదుకి పది నిమిషాలుండగా రేవు చేరాం. మీటరు మూడు చూపించింది. కాలిన మట్టిలో చెమ్మ లేదు, కోత కూడా లేదు. పదకొండున్నర కిలోలు.

ఆఫీసు తూకంలో మొత్తం: 2,402.5. ఎక్కువైన రెండున్నర కిలోలు తిరిగి ఇవ్వరు.

హైమావతి గారు రసీదు మీద ముద్ర వేసి, ఎవరి చేతికివ్వాలని అడిగారు. "మా అక్కకివ్వండి," అన్నాను.

ఈ రోజు పడినవి: 0. రత్నం రోజంతా రేవు మెట్టు మీద కూర్చునే ఉంది కాబట్టి లెక్కలోకి రాదు.

పుష్యమి కార్తె, 5వ రోజు
ఒండ్రు: లేదు. పడినవి: 1.

వివరణ: ఏడో గట్టు, నలభై ఒకటో నంబరు. రాయి మీద మా మట్టి పరిచి, తొక్కి, గోడ పలకలు బిగించేసరికి పది రోజులైంది. ఉదయం సామాను దించాం. రత్నం గడప దగ్గర చెప్పులు విప్పింది. గోడ పట్టుకోలేదు. లోపలికి నడిచింది. ఆ చివరి పలకని చేత్తో తాకి వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. చేతిలో నిండు బిందె పెట్టుకుని ఇంకోసారి వెళ్లింది. నేల మీద ఒక్క చుక్క కూడా పడలేదు. నాలుగోసారి వెళ్తుంటే అక్క కసిరింది: "సాలే, కొత్త నేల గుంట పడిపోగలదు!"

నేను బియ్యం బస్తా భుజాన వేసుకుని లోపలికి అడుగు పెట్టాను. నేల పైకి లేచినట్టయింది. నీళ్ల మీద ఉంటే ఏ అడుగుకి ఎటు వంగాలో నా కాళ్లకి తెలుసు. ఇక్కడ వంగాను, అది వంగలేదు. బస్తాతో సహా పడ్డాను. గడప పట్టుకుని బయటికి కక్కుకున్నాను.

రత్నం వచ్చి నా తల పట్టుకుంది. గట్టిగా, ఏమీ ఊగకుండా నిలబడి.

"నలభై ఏళ్లు నీళ్ల మీద ఉన్నావు కదా," అంది. "నాలుగు రోజులు పడుతుంది. మెల్లిగా లే."

పలక గోడ అవతల్నుంచి అక్క: "ఏటి తమ్ముడూ, నేలకి దండం పెట్టేవా? లెక్క రాసుకో మరి!"

"రాసుకుంటాను," అన్నాను.

రాసుకున్నాను. ఒండ్రు గడి కొట్టేశాను. పడినవి గడి ఉంచి, పైన రత్నం పేరు కొట్టేసి నా పేరు రాశాను.